జనరేటర్‌కు పెట్టిన చీర

ఆ రోజు సర్వర్ పడిపోలేదు.

మా అన్న కొడుకు పెళ్లిలో బట్టలు పెట్టే చోట ఏం జరిగిందని ఎవరు అడిగినా ఇన్నాళ్లూ నేను సర్వర్ పడిపోయిందనే చెప్పుకుంటూ వచ్చాను. కోరుట్లలో చెప్పాను, జగిత్యాలలో చెప్పాను, రాయికల్ నుంచి పనిగట్టుకుని ఫోన్ చేసిన చుట్టాలకూ చెప్పాను. సర్వర్ అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా దానికేదో జ్వరం వచ్చినట్టు "అయ్యో పాపం" అన్నారు. నిజానికి ఆ యాప్‌కు సర్వరే లేదు. అంతా ఒక్క ట్యాబ్‌లో ఉంది. అందులో కొన్ని లైన్లు రాసింది నేను, పెళ్లి మధ్యలో వాటిని తీసేసింది నేను. ఎందుకు తీసేశానో మాత్రం చెప్పలేదు. నేను చెప్పకపోవడం వల్ల మా ఇంటి ఆడబిడ్డ ఒకామె నలుగురిలో ఏ వరుసా లేని మనిషిగా మిగిలిపోయింది.

నేను జగిత్యాలలో మా మిద్దె మీది గదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీ ఒకదానికి జావాస్క్రిప్టులో ప్రోగ్రాములు రాస్తాను. మా చుట్టాల దృష్టిలో నేను కరెంటుతో నడిచే వస్తువులన్నీ బాగు చేస్తాను. మిక్సీలు తెస్తారు. కాబట్టి పెళ్లి కుదరగానే మా అన్న కోరుట్ల నుంచి ఫోన్ చేసి, "తమ్మీ, బట్టలు పెట్టేటందుకు ఒక యాప్ చెయ్యాలె రా" అన్నప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు.

బట్టలు పెట్టడమంటే మా వైపు చిన్న విషయం కాదు. ఇంట్లో పుట్టిన ఆడపిల్ల ఎక్కడికి వెళ్లినా ఆ ఇంటి ఆడబిడ్డే. పెళ్లిలో ఆమెను పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, అందరికంటే ముందు చీర పెట్టాలి. ఇంతకు ముందు మా ఇంట్లో జరిగిన పెళ్లిలో ఒకామెను మరిచిపోయారు. ఆమె భోజనం చేయలేదు, ఆమె భర్త భోజనం చేయలేదు, వాళ్లు వచ్చిన జీపులోని వాళ్లెవరూ చేయలేదు. ఆ జీపు డ్రైవరుకూ మా ఇంటికీ ఏ సంబంధమూ లేదు, అయినా చేయలేదు. అప్పటి నుంచి అన్నకు బట్టలంటే భయం. ఈసారి ఎవరు ఆడబిడ్డో, ఎవరు కాదో ట్యాబ్ చెప్పాలి. అది ఏం చెప్తే అదే, వాదించకూడదు అని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు. మా వదిన పసుపు చేతితో ప్రమాణం కూడా చేసింది.

ఇప్పుడు ఫుప్పు గురించి చెప్పాలి. మా నాయనకు తోడబుట్టిన ఆడపిల్ల లేదు. కోరుట్లలో మా ఎరువుల దుకాణం పక్కనే ఒక సాయిబు మోటర్లు వైండింగ్ చేసేవాడు. ఆయన సిరిసిల్ల నుంచి కొత్తగా పెళ్లి చేసుకుని తెచ్చుకున్న భార్య, ఒక రాఖీ పున్నమి నాడు మా నాయన చెయ్యి ఉత్తగా ఉండటం చూసి, భర్త పక్కన పడి ఉన్న రాగి తీగ తుంచి ఆ చేతికి చుట్టిందట. ఆ రోజు నుంచి ఆమె మా నాయనకు చెల్లె, మాకు మేనత్త. ఆమె మాట్లాడే ఉర్దూలో మేనత్తను ఫుప్పు అంటారు, మేమూ అలాగే పిలిచాం. మా పాత ఇంటి గృహప్రవేశంలో పాలు పొంగించింది ఆమె. నా పెళ్లయి ఇంటికి వస్తే గడపలో చేతులు అడ్డం పెట్టి, "మొగని పేరు చెప్తేనే లోపటికి" అని నా భార్యను ఆపింది కూడా ఆమే. నా భార్య గొణిగితే ఒప్పుకోలేదు. వీధి చివరి కిరాణా కొట్టాయన "ఇనవడ్డదమ్మా, ఇగ పోనీ" అని అరిచేదాకా చెప్పించింది. భర్త పోయాక ఆమె సిరిసిల్లలో కొడుకు దగ్గర ఉంటోంది. ఆ కొడుకు సాంచాల షెడ్డు, అంటే మరమగ్గాల షెడ్డు, నడుపుతాడు. పెళ్లి చీరలు కూడా అన్నా వదినలు సిరిసిల్లకు వెళ్లి, ఆమెను వెంటబెట్టుకునే కొన్నారు.

యాప్‌లో నాకు వచ్చిన చిక్కు ఆమెతోనే. జావాస్క్రిప్టులో ఫలానాది ఫలానా తరగతికి చెందినదేనా అని అడగడానికి ఇన్‌స్టాన్స్‌ఆఫ్ అని రాస్తాం. అది మామూలుగా మా రాయికల్ అత్తలాగే పనిచేస్తుంది. రాయికల్ అత్త అంటే మా నాయన చిన్నాయన బిడ్డ, వంశంలో పెద్దదిక్కు. నీ పైన ఎవరు, వాళ్ల పైన ఎవరు అని గొలుసు పట్టుకుని ఎక్కుతూ పోతుంది. దారిలో ఎక్కడైనా ఆ తరగతి మూలం తగిలితే అవును అంటుంది. తగలకుండా పైన ఏమీ లేని చోటికి చేరితే కాదు అంటుంది. ఏం చేశావు, ఎన్నేళ్లు చేశావు అని అడగదు. ఆ లెక్కన ఫుప్పు కాదు.

అయితే ఆ భాష చేసినవాళ్లు ఒక వెసులుబాటు ఉంచారు. సింబల్ డాట్ హ్యాజ్‌ఇన్‌స్టాన్స్ అనే పేరుతో తరగతి లోపల మన సొంత పద్ధతి రాసి పెట్టుకోవచ్చు. అది ఉంటే గొలుసు ఎక్కడం ఉండదు. "ఈమె మీ మనిషేనా?" అని నేరుగా ఆ తరగతినే అడుగుతుంది, అది ఏమంటే అదే జవాబు. వచ్చిన మనిషిలో ఏ మార్పూ రాదు. ఆమె గుణాలు ఆమెవే, ఆమె పుట్టుక ఆమెదే. మారేది మన జవాబు ఒక్కటే. ఇది చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. మా నాయన ఏ కోడూ రాయకుండా చేసిన పని అదే కదా అనుకున్నాను.

ఆడబిడ్డ తరగతిలో నేను రాసిన పద్ధతి చాలా చిన్నది. ఈ మనిషి మా ఇంట్లో పుట్టిందా, రాఖీ కట్టిందా, పాలు పొంగించిందా, గడపలో కోడలిని ఆపిందా చూడు. దొరికినవన్నీ ఒక వరుసలో పేర్చి తిరిగివ్వు. అంతే. రాయికల్ అత్త పేరు కొట్టి చూశాను, పచ్చరంగు వచ్చి సన్నాయి మోగింది. ఫుప్పు పేరు కొట్టాను, పచ్చరంగు వచ్చి సన్నాయి మోగింది. కాదు అని రావాల్సినవాళ్ల పేరు ఒక్కటీ కొట్టి చూడలేదు.

ఆ పద్ధతి ఏది తిరిగిచ్చినా జావాస్క్రిప్టు దాన్ని అవునుగానో కాదుగానో మార్చుకుంటుంది. సున్నా ఇస్తే కాదు. ఖాళీ మాట ఇస్తే కాదు. ఖాళీ వరుస ఇస్తే మాత్రం అవును. లోపల ఏమీ లేకపోయినా పెట్టె ఉంది కదా అని దాని లెక్క. కొత్తగా చేరేవాళ్లను ఇంటర్వ్యూల్లో నేనే అడిగే ప్రశ్న ఇది. చెప్పలేకపోతే పెదవి విరుస్తాను.

పెళ్లినాడు కోరుట్ల ఫంక్షన్ హాల్లో, స్టేజీ పక్కన జంపఖానా మీద చీరల కుప్ప, కుప్ప వెనక అన్నా వదినలు, వాళ్ల ముందు ట్యాబ్. ట్యాబ్ దగ్గర వదిన వాళ్ల అన్న, నాకు బావ వరుస, కూర్చున్నాడు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. చేతిలో మిషను, ఎదురుగా జనం ఉంటే ఆయనకు ప్రాణం లేచొస్తుంది. అన్న ఫోనులోని పేర్లన్నీ నేను ట్యాబ్‌లోకి ఎక్కించాను, ఎవరినీ మరిచిపోకూడదని.

మొదట నిజమైన ఆడబిడ్డలు వచ్చారు, అంతా సవ్యంగా జరిగింది. తర్వాత ఫొటోగ్రాఫర్ వంగి వదిన ముఖం దగ్గర కెమెరా పెట్టాడు.

"ఆగు, చెకింగ్," అన్నాడు బావ. పేరు కొట్టాడు. సన్నాయి మోగింది. "కూసో. నువ్వు ఆడబిడ్డవు."

"సార్, నేను ఫొటోలు తియ్యనీకి అచ్చిన."

"ఫొటోలు ఎటు వోతయ్? బొట్టు వెట్టించుకో."

వదిన అన్న వైపు చూసింది. ప్రమాణం గుర్తొచ్చి అన్న తలూపాడు. ఫొటోగ్రాఫర్‌కు బొట్టు పెట్టి చీర పెట్టారు. అతను దాన్ని భుజాన వేసుకుని ఫొటోలు తీసుకుంటూ పోయాడు. ఆ తర్వాత ఐస్‌క్రీమ్ ఆయన ఆడబిడ్డ అయ్యాడు. పెళ్లి చేయించిన పంతులుగారు అయ్యారు. వార్డు ఎన్నికల్లో మా అన్నను ఓడించినాయన మొహమాటానికి అక్షింతలు వేసి పోదామని వచ్చి, చీర ఒళ్లో పడేసరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"అన్నా, నన్ను గింత సొంతమనుకుంటివా? నేను నీ మీద కరపత్రాలు అచ్చేయిస్తిని గదనే!"

కాసేపటికి మగవాళ్లంతా లైను కట్టారు. బావకు ఇరవై ఏళ్ల వయసు తగ్గింది. "ముందుకు జరుగుండ్రి, ముందు ఖాళీ ఉన్నది, ఫుట్‌బోర్డు మీద నిలవడకుండ్రి!"

డీజిల్ కోసం అడగడానికి జనరేటర్ ఆపరేటరు వచ్చాడు. అన్న ఫోనులో అతని పేరు జనరేటర్ అనే ఉంది. సన్నాయి మోగింది.

"నాకెందుకు సార్ చీర? ఇంట్ల మా ఆమె అనుమానపడ్తది."

"నీకు గాదు," అన్నాడు బావ, తెర వేలితో చూపిస్తూ. "ఈడ జనరేటర్ అని రాసున్నది. జనరేటర్ మీ ఇంటి ఆడబిడ్డ. చెల్లే, లే."

వదిన లేచింది. హాలు వెనక్కి వెళ్లి నడుస్తున్న జనరేటర్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఒక మంచి చీర దాని మీద పరిచి, దండం పెట్టుకుని వచ్చింది. ఆయుధపూజకు ఎలాగూ పెట్టేదే కదా అని ఆమె సర్దుకుంది. చీర మీద పొగ కమ్ముకుంటుంటే హాలంతా గుమిగూడి చూసింది.

అప్పుడు అన్న నన్ను స్టేజీ వెనక్కి లాగాడు.

"ఏంది రా గిది? జనరేటర్ మనకు ఏమైతదిరా?"

"చిన్న పొరపాటన్నా. ఒక్క నిమిషం."

నిజంగానే ఒక్క నిమిషం పని. వరుస ఖాళీగా ఉందా లేదా అని చూసే చిన్న షరతు ఒకటి చేరిస్తే చాలు. ఫొటోగ్రాఫర్ పోతాడు, జనరేటర్ పోతుంది, ఫుప్పు ఉంటుంది. ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని ఆ షరతు రాయబోతుంటే రాయికల్ అత్త తన చెల్లెళ్లతో కలిసి నా చుట్టూ వచ్చి నిలబడింది.

"అల్లుడా, ఆడబిడ్డంటే ఇంట్ల పుట్టినామె. గీ పెట్టె ఎవ్వల్ని వడితే వాళ్లను ఆడబిడ్డంటాంది. దాన్ల ఏం రాసి సచ్చినవ్?"

"ఏం లేదత్తా, జర లెక్క తప్పింది."

"గా సాయిబులామెను కలుపుదామని ఏమన్న రాసినవా ఏంది?"

చెప్పాల్సిన చోటు అదే. అవునత్తా, ఆమె కోసమే రాశాను, నాయన ఉంటే ఇదే చేసేవాడు అనాలి. నేను నవ్వాను. నా నవ్వు నాకే గుర్తుంది. "లేదత్తా, గట్లేం లేదు" అన్నాను. ఆమెకు నమ్మకం కలగడం కోసం నేను రాసిన లైన్లన్నీ ఆమె ముందే చెరిపేశాను. షరతు చేర్చలేదు, మొత్తం తీసేశాను. మన పద్ధతి లేకపోతే జావాస్క్రిప్టు తన పాత పద్ధతికి పోతుంది, గొలుసు ఎక్కుతుంది.

సిరిసిల్ల నుంచి బస్సు దిగి ఫుప్పు వచ్చేసరికి భోజనాలు నడుస్తున్నాయి. వదిన "రాండ్రి ఫుప్పూ" అని పీట జరిపింది. ఆమె దర్జాగా కూర్చుని, నుదుటి మీది కొంగు కొంచెం వెనక్కి జరుపుకుంది. బొట్టు పెట్టించుకోదు, మా ఇంట్లో ఆమెకు బొట్టుకు బదులు గంధం రాస్తారు. వదిన గంధం గిన్నె కూడా తీసింది.

బావ పేరు కొట్టాడు. సన్నాయి మోగలేదు. బర్రుమని శబ్దం వచ్చి తెర ఎర్రబడింది.

"వరుస లేదంటాంది," అన్నాడు బావ, గొంతు తగ్గించి. ఆయన మళ్లీ కొట్టాడు. మళ్లీ బర్రుమంది. రాయికల్ అత్త నిలబడి చూస్తోంది. వదిన గంధం చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆమె నా వైపు చూసింది, ఫుప్పు కూడా నా వైపే చూసింది.

"సర్వర్ డౌన్ అయింది ఫుప్పూ," అన్నాను. "తర్వాత చూస్త."

ఆమె "పర్వా నై బేటా" అంది. మోకాళ్ల మీద చెయ్యి వేసుకుని లేచింది. పీట తనే గోడకు జరిపి పెట్టింది. పెళ్లికొడుకు తల మీద చెయ్యి పెట్టి దీవించి, అందరు చుట్టాల్లాగే ఒక కవరు చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆమె ఏనాడూ మా ఇంట్లో కవరు ఇవ్వలేదు. ఆడబిడ్డ కవరు ఇవ్వదు.

నాయన పోయాక కూడా ప్రతి రాఖీ పున్నమికి ఇంటికి వచ్చే ఆమె, ఆ తర్వాత వచ్చిన పున్నమికి రాలేదు. మోకాళ్ల నొప్పులన్నారు. నేను నమ్మినట్టు నటించాను. ఈ ఏడాది అన్న కోరుట్లలో కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. పాలు పొంగించమని వదిన ఫోన్ చేస్తే ఫుప్పు, "చుట్టాన్నయి అస్త బిడ్డా. పాలు మీ ఆడబిడ్డను పొంగియ్యమను" అందట. వదిన ఆ మాట నాకు చెప్పి, "సర్వర్ ఇంక బాగు గాలేదా మరిదీ?" అని అడిగింది. ఎత్తిపొడుపో కాదో తెలియలేదు.

మరునాడే బయలుదేరాను. కోరుట్లలో బస్సు మారి, రుద్రంగి మీదుగా సిరిసిల్ల చేరాను. ఫుప్పు సాంచాల షెడ్డు ముందు మంచం మీద కూర్చుని ఉంది. కొడుకు లేడు. లోపల సాంచాలన్నీ నడుస్తున్నాయి. ఆ మోతలో ఏళ్ల తరబడి ఉండి ఆమెకు చెవులు మందగించాయి.

"ఫుప్పూ, ఆనాడు మిషిన్ తప్పు గాదు. తప్పు నాది," అన్నాను.

"గట్టిగ జెప్పు."

గట్టిగా చెప్పాను. ఇంకా గట్టిగా చెప్పమంది. దగ్గర్లో సాంచా మీద ఉన్న కార్మికుడికి నా మీద జాలేసి వచ్చి ఆమె చెవి దగ్గర అరిచాడు. "అమ్మా, మిషిన్‌ది గాదంట! గీయనదేనంట తప్పు!"

రెండో సాంచా ఆయన తల బయటికి పెట్టాడు. "ఏం జేసిండంటనే?"

"అమ్మను వరుసల కెల్లి తీసేసిండంట!"

"ఎందుకంట?"

మొదటాయన నా వైపు తిరిగాడు. "ఎందుకు సార్?"

నేను ఒకసారి సింబల్ హ్యాజ్‌ఇన్‌స్టాన్స్ గురించి చెప్పాలని చూశాను. ఖాళీ వరుస, నిండు వరుస అన్నాను. ఆయన ఓపికగా విని, ఫుప్పు చెవిలో ఒక్క మాటలో అరిచాడు. "రాయికల్ ఆమెకు భయపడ్డడంట!"

ఇంతకంటే సరిగ్గా నేనూ చెప్పలేను. ఫుప్పు మంచం నవారును వేలితో గీకింది.

"జనరేటర్‌కు చీర వెట్టిన్రంట?"

"పెట్టినం."

"ఏ రంగుది?"

"నెమలి కంఠం రంగు ఫుప్పూ. ఎర్ర అంచు."

"గది నేను ఏరుకున్నదిరా," అంది. "నాకే పెట్టుండ్రని మీ వదినెకు సుత చెప్పలే. కుప్పల ఉంటె ఎట్లన్న నా దిక్కే అస్తదనుకున్న. మీ నాయన గట్లనే పెడుతుండె, నా కన్ను దేని మీదుందో చూసి."

సాంచా ఆయన తిరిగి పనిలోకి వెళ్లిపోయాడు. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. మాఫ్ చెయ్యమని అడగబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈడ ఒర్రితే ఎవ్వలకు ఇనవడ్తది? గీ సాంచాలకా? కాదన్నది నలుగురిల. చెప్తే గా నలుగురిలనే చెప్పు."

"అత్త ముంగటనా?"

"ఆమె ముంగటనే. పో, బస్సు వోతది."

గృహప్రవేశం నాడు ఆమె వచ్చింది. గేటు బయట ప్లాస్టిక్ కుర్చీల్లో, మేస్త్రీ కుటుంబం పక్కన కూర్చుంది. చేతిలో కవరు ఉంది. లోపల వంటింట్లో కొత్త స్టవ్ మీద పాలగిన్నె పెట్టారు. రాయికల్ అత్త పట్టుచీర సర్దుకుని స్టవ్ ముందు నిలబడింది. పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని గడియారం చూస్తున్నారు. నేను బయటికి వెళ్లి ఫుప్పు చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను. వంటింటి గుమ్మంలో అందరూ ఉన్నారు.

"అత్తా, జర ఆగు. నేనొక మాట చెప్పాలె," అన్నాను.

"ఇప్పుడేంది అల్లుడా? పాలు కాగుతాన్నయి."

"బావా, ఏ స్టేజీల దిగుతవో జల్ది దిగు," అన్నాడు కండక్టర్ బావ వెనక నుంచి. కొందరు నవ్వారు. నేను మంట తగ్గించి, ఫుప్పుకు వినపడేటంత గట్టిగా చెప్పాను.

"పెండ్లిల ఫుప్పు పేరు కొడితే వరుస లేదని అచ్చింది. గట్ల అచ్చేటట్టు చేసింది నేనే. ఆమె మన ఆడబిడ్డ అని ముందు రాసింది నేనే, నువ్వు అడుగంగనే అత్తా, గట్లేం లేదని అబద్ధమాడి చెరిపేసింది నేనే. నీకు భయపడి చేసిన. తెలిసే చేసిన. ఇన్నొద్దులు మిషిన్ మీదికి తోసిన. ఫుప్పూ, జనరేటర్‌ను కూసోవెట్టిన కాడ నిన్ను లేవగొట్టిన. తప్పయింది. నన్ను మాఫ్ చెయ్యి."